అడిగే హక్కు ఎవరిది? ‘ది డచెస్ ఆఫ్ మాల్ఫీ’ చదివాక

రెనెసాన్స్ కాలపు ఇంగ్లిష్ విషాద నాటకాల్లో ఆడవాళ్ళు చాలామందే చనిపోతారు. భర్త చేతిలో ఒకరు, తండ్రి చేతిలో ఒకరు, అన్నదమ్ములు పంపిన మనుషుల చేతిలో ఇంకొకరు. ఆ చావుకి ముందు చాలాసార్లు ఒక విచారణ నడుస్తుంది. దానికి కోర్టు అక్కర్లేదు. పడగ్గదిలో, తోటలో, నలుగురూ కూర్చున్న హాల్లో జరిగిపోతుంది. చేతిరుమాలు ఎవరి దగ్గర దొరికింది, ఆమె ఎవరి తరఫున మాట్లాడింది, గౌను ఎందుకు వదులుగా వేసుకుంటోంది... సాక్ష్యాలంటే ఇవే. తేలాల్సిన ప్రశ్న ఒక్కటే. ఆమె తప్పు చేసిందా, లేదా?

‘లేదు, చెయ్యలేదు’ అని తేలినప్పుడు మనకి దుఃఖం వస్తుంది. అయ్యో, ఏ పాపం తెలియని మనిషిని చంపేశారే అనుకుంటాం. ఆ దుఃఖం నిజమైనదే. కానీ దాని అడుగున మనకి తెలియకుండా చేసుకున్న ఒప్పందం ఒకటుంది. పాపం తెలియదు కాబట్టి చంపకూడదు అంటున్నాం సరే, మరి ఆ ‘పాపం’ చేసి ఉంటే?

జాన్ వెబ్‌స్టర్ రాసిన ‘ది డచెస్ ఆఫ్ మాల్ఫీ’ నన్ను పట్టుకుంది ఇక్కడే. ఇందులో ఆమె మీద అన్నదమ్ములకి వచ్చిన అనుమానం నిజం. ఆమె ఆ పని చేసింది. తెలిసే చేసింది, రహస్యంగా చేసింది, దాన్ని దాచడానికి అబద్ధాలూ ఆడింది. అయినా నాటకం ఆమెని దోషిగా నిలబెట్టదు. ఈ ఒక్క మార్పుతో పాత ప్రశ్న పక్కకి పోయి, దాని వెనకున్న అసలు ప్రశ్న బయటికొస్తుంది. అడగడానికి మీరెవరు?

ఇదెంత పెద్ద మార్పో తెలియాలంటే ముందు దాని చుట్టుపక్కల నాటకాలు చూడాలి.

‘ఒథెల్లో’ మనందరికీ తెలిసిందే. 1603-04 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన నాటకం. డెస్డిమోనా తండ్రికి చెప్పకుండా తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. తండ్రిని మోసం చేసింది, నిన్నూ చేస్తుంది అని ఆ తండ్రే అల్లుడికి హెచ్చరిక వదిలి వెళ్తాడు. ఆ విత్తనానికి ఇయాగో నీళ్ళు పోస్తాడు. చివరికి ఒక చేతిరుమాలు ఆమె ప్రాణం తీస్తుంది. ఆమె పవిత్రురాలని ఎమీలియా అరిచి చెప్పాక, నిజం బయటపడ్డాక ఒథెల్లో కుప్పకూలిపోతాడు. ఎందుకు? తప్పు చెయ్యని భార్యని చంపానని. కాసియోతో ఆమెకి నిజంగా సంబంధం ఉండి ఉంటే ఈ హత్యని నాటకం ఏమనేది? ఆ ప్రశ్న మనదాకా రాకుండా కథ అల్లుకుపోయింది. భర్తలకున్న కోరికలూ బలహీనతలూ భార్యలకీ ఉంటాయని ఎమీలియా నాలుగో అంకంలో మాట్లాడుతుంది. ఆ మాటలు నాటకంలోకెల్లా ధైర్యమైనవి. కానీ అవి ఇద్దరాడవాళ్ళు పడుకోబోయే ముందు చెప్పుకున్న మాటలుగానే ఉండిపోతాయి. శిక్ష వేసేవాడి చెవిన పడవు.

1613లో అచ్చయిన ‘ది ట్రాజెడీ ఆఫ్ మరియమ్’ది ఇంకో తీరు. ఇంగ్లిష్‌లో ఒక స్త్రీ సొంతంగా రాసి అచ్చులోకి వచ్చిన మొదటి నాటకంగా దీన్ని చెబుతారు. రచయిత్రి ఎలిజబెత్ కేరీ. పుస్తకం మీద మాత్రం పేరులోని పొడి అక్షరాలే ఉంటాయి. హెరోద్ రాజు భార్య మరియమ్ మాట్లాడుతుంది, మనసులో ఉన్నది మొహం మీదే అంటుంది. భార్య తన శరీరాన్నే కాదు, మనసునీ మాటనీ కూడా భర్తకే అప్పజెప్పాలని అందులోని కోరస్ పాఠం చెబుతుంది. చివరికి మరియమ్ తల తెగుతుంది. ఆమె శీలం మీద వచ్చిన అనుమానం అబద్ధమని ఆ తర్వాత తేలుతుంది. హెరోద్ పిచ్చివాడిలా ఏడుస్తాడు. ఇక్కడా అదే సూత్రం. ఆమె నిర్దోషి, కాబట్టి మనం ఏడవొచ్చు.

‘ది ఛేంజ్‌లింగ్’ (1622) దీనికి తిరగేసిన బొమ్మ. మిడిల్టన్, రౌలీ కలిసి రాసిన ఈ నాటకంలో బియాట్రిస్ జొవానా నిజంగానే నేరస్థురాలు. ఇష్టంలేని పెళ్ళి తప్పించుకోవడానికి ఆ పెళ్ళికొడుకుని హత్య చేయిస్తుంది. కొత్త భర్త గదిలో ఆమెకి ఒక మందు సీసా కనబడుతుంది. అది తాగిన అమ్మాయి ఆవలించి, తుమ్మి, నవ్వితే కన్య అని లెక్క. శీలపరీక్ష ఇక్కడ అక్షరాలా సీసాలో దొరికే వస్తువు! ఆమె ముందే ఆ లక్షణాలు తెలుసుకుని, ఆవలింతా తుమ్మూ నవ్వూ నటించి గట్టెక్కుతుంది. ప్రేక్షకులు ఆ సన్నివేశానికి నవ్వుకుని ఉంటారు. పరీక్ష పెట్టినవాడి పరువు కాస్త పోతుంది కూడా. కానీ పరీక్ష పెట్టే హక్కు అతనికుందా అన్నది ఎవరూ అడగరు. చివర్లో ఆమె చచ్చిపోతూ తనని తానే కుటుంబంలోంచి తీసిపారెయ్యాల్సిన చెడురక్తం అనుకుంటుంది.

నిర్దోషి చస్తే కన్నీళ్ళు, దోషి చస్తే నిట్టూర్పు. రెండు చోట్లా తీర్పు చెప్పే కుర్చీ మాత్రం కదలదు. వెబ్‌స్టర్ ఆ కుర్చీని కదిపాడు.

అతని నాటకానికి మూలం ఇటలీలో నిజంగా జరిగిన కథ. జొవాన్నా దరగోనా అనే ఆమెకి 1490లో, పన్నెండేళ్ళ వయసులో పెళ్ళయింది. 1498లో భర్త పోయాడు. కొడుకు పేరున అమాల్ఫీని ఆమే పాలించింది. ఇంటి వ్యవహారాలు చూసే ఆంటోనియో బొలోన్యాని రహస్యంగా పెళ్ళి చేసుకుంది. ఆమె సోదరుల్లో ఒకాయన కార్డినల్. పెళ్ళి సంగతి బయటపడ్డాక ఆమె మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆంటోనియోని 1513లో మిలాన్‌లో చంపేశారు. ఈ కథని బండెల్లో ఇటాలియన్‌లో రాశాడు. అది ఫ్రెంచి మీదుగా 1567లో విలియం పెయింటర్ ఇంగ్లిష్ పుస్తకంలోకి వచ్చింది. పెయింటర్‌కి ఇదొక నీతికథ. గొప్పింటి ఆడది కోరికకి లొంగితే ఏమవుతుందో చూడండి అన్న ధోరణి అతనిది. వెబ్‌స్టర్ అదే కథ తీసుకున్నాడు, నీతి మాత్రం తీసుకోలేదు. షేక్‌స్పియర్ కంపెనీ అయిన కింగ్స్ మెన్ 1613-14 ప్రాంతంలో దీన్ని ఆడింది. 1623లో అచ్చయింది.

కథ క్లుప్తంగా ఇదీ. డచెస్ వితంతువు, వయసులో ఉన్న మనిషి. ఆమెకి ఇద్దరు సోదరులు. ఫెర్డినాండ్ ఆమెతో కవల పుట్టుక పుట్టినవాడు, ఇంకొకడు కార్డినల్. మళ్ళీ పెళ్ళి చేసుకోవద్దని ఇద్దరూ గట్టిగా చెప్పి వెళ్తారు. వాళ్ళటు వెళ్ళగానే ఆమె తన దగ్గర పనిచేసే ఆంటోనియోని పిలిచి, తనే పెళ్ళి ప్రస్తావన తెచ్చి, తన ఉంగరం తీసి అతని వేలికి తొడుగుతుంది. సాక్షి తెర వెనక దాక్కున్న పరిచారిక కరియోలా ఒక్కతే. ఇద్దరూ ‘ఇప్పుడే నిన్ను పెళ్ళాడుతున్నాను’ అని మాటిచ్చుకుంటే ఆ కాలపు ఇంగ్లండ్‌లో అది చెల్లే పెళ్ళే. చర్చికి నచ్చకపోవచ్చు గానీ రద్దవదు. అంటే ఆమె చేసింది వ్యభిచారం కాదు, చట్టవిరుద్ధం కూడా కాదు. మరి అన్నదమ్ముల బాధేమిటి?

వితంతువు దగ్గరే బాధంతా ఉంది. ఆనాటి ఇంగ్లిష్ చట్టంలో పెళ్ళికాని అమ్మాయి తండ్రి చేతికింద, పెళ్ళయిన స్త్రీ భర్త నీడలో. ఆమె ఆస్తి, ఆమె ఒప్పందాలు అన్నీ అతని పేరునే. భర్త పోయిన స్త్రీ మాత్రం తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చు, సంతకం పెట్టొచ్చు, ఎవరిని చేసుకోవాలో తానే తేల్చుకోవచ్చు. పురుషుల లెక్కలో ఆమె ఎవరి ఖాతాలోనూ పడని మనిషి. అంత భయం అందుకే.

ఈ భయం ఇటలీలో జరిగిన పాతకథగా ఆనాటి ప్రేక్షకులకి అనిపించి ఉండదు. వితంతువు కాకపోయినా, రాజు జేమ్స్‌కి దగ్గరి బంధువు ఆర్బెల్లా స్టువర్ట్ ఉంది. ఆమె 1610లో రాజు అనుమతి లేకుండా విలియం సేమూర్‌ని రహస్యంగా పెళ్ళి చేసుకుంది. ఇద్దర్నీ బంధించారు. 1611లో మగవేషం వేసుకుని పారిపోతూ సముద్రంలో దొరికిపోయింది. నాటకం ఆడేనాటికి ఆమె లండన్ టవర్‌లో ఖైదీ. 1615లో అక్కడే చనిపోయింది. టవర్‌కి అవతల నది ఒడ్డున కూర్చుని ఈ నాటకం చూసినవాళ్ళకి ఆమె గుర్తురాకుండా ఉంటుందా?

సరే, నాటకంలో ఆమె మీద నిఘా ఎలా నడుస్తుందో చూడండి. ఫెర్డినాండ్ ఆమె ఇంట్లో బొసోలా అనే గూఢచారిని పెడతాడు. పైకి చూస్తే ఆమె గుర్రాల అజమాయిషీ అతని ఉద్యోగం. బొసోలా చదువుకున్నవాడు. కార్డినల్ కోసం హత్య చేసి ఓడల్లో తెడ్లు లాగే శిక్ష అనుభవించి వచ్చాడు. ప్రతిఫలం దక్కక రగిలిపోతున్నాడు. పితృస్వామ్యం అన్నప్పుడు మనం తండ్రినీ అన్ననీ మొగుణ్ణీ ఊహించుకుంటాం. వాళ్ళ కింద జీతానికి పనిచేసేవాడు ఒకడుంటాడని వెబ్‌స్టర్ మర్చిపోలేదు. బొసోలాకి డచెస్ మీద కోపం లేదు. అతనిది ఉద్యోగం, అంతే. ఆమె గర్భవతని అనుమానం వచ్చి, కొత్తగా వచ్చిన ఆప్రికాట్ పళ్ళు తెచ్చి పెడతాడు. ఆమె ఆశగా తింటుంది. అవి గుర్రప్పేడ వేసి మగ్గబెట్టినవని అప్పుడు చెబుతాడు. ఆమెకి వికారం మొదలై, అక్కణ్ణించి నొప్పులు వచ్చేస్తాయి. ‘ఛేంజ్‌లింగ్’లో సీసా చేసిన పని ఇక్కడ పళ్ళు చేస్తాయి. ఒక తేడా ఉంది. అక్కడ పరీక్షని మోసం చెయ్యొచ్చు. ఇక్కడ ఆమె శరీరమే ఆమె మీద సాక్ష్యం చెబుతుంది.

ఆ తర్వాత ఏళ్ళు గడుస్తాయి. ఇంకో ఇద్దరు పిల్లలు పుడతారు. మూడో అంకంలో పడగ్గది సన్నివేశం మొత్తం నాటకంలో నాకు బాగా ఇష్టమైంది. డచెస్, ఆంటోనియో, కరియోలా ముగ్గురూ నవ్వుకుంటూ ఒకర్నొకరు ఏడిపించుకుంటూ ఉంటారు. అచ్చంగా ఒక సంసారం. ఆమె జుట్టు దువ్వుకుంటూ, తలలో తెల్లవెంట్రుకల గురించి మాట్లాడుతుంటే, ఆటపట్టించడానికి మిగతా ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా బయటికి జారుకుంటారు. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. జవాబు రాదు. చూస్తే గదిలో ఫెర్డినాండ్ నిలబడి ఉంటాడు. దొంగతాళంతో వచ్చాడు. చెల్లెలి చేతికి కత్తి ఇస్తాడు, నీ చావు నువ్వే చావమని. ఆమె భయపడినా మాట తడబడదు. తనకి పెళ్ళయిందని ఒప్పుకుంటుంది, భర్తని చూస్తావా అని అడుగుతుంది. లోకంలో అందరూ చేసేదే తనూ చేసిందని, కొత్త ఆచారమేదీ కనిపెట్టలేదని అంటుంది. ‘నేనేం చెయ్యలేదు’ అన్న మాట మాత్రం ఆమె నోట రాదు. డెస్డిమోనాకీ ఈమెకీ తేడా అదే.

తర్వాత చెర. నిన్నిక చూడను అని ఒట్టు పెట్టుకున్న ఫెర్డినాండ్ ఆ ఒట్టు తప్పకుండా ఉండాలని దీపాలు ఆర్పించి చీకట్లో వస్తాడు. చేతికి చెయ్యి అందిస్తాడు. అది శవం చెయ్యి. భర్తదే అనుకోవాలని దానికో ఉంగరం. దీపాలు వెలిగాక భర్తా పిల్లలూ చచ్చిపడి ఉన్నట్టు మైనపు బొమ్మలు. తర్వాత పిచ్చివాళ్ళ గుంపుని పంపించి ఆమె ముందు ఆడిస్తాడు. ఈ నాటకం ఆడిన బ్లాక్‌ఫ్రయర్స్ పైకప్పున్న, కొవ్వొత్తులతో వెలిగే హాలు. ఆ చీకటి ప్రేక్షకుల దాకా పాకి ఉంటుంది. 2014లో లండన్‌లో అలాంటి కొవ్వొత్తుల రంగస్థలం శామ్ వనమేకర్ ప్లేహౌస్‌ని మళ్ళీ కట్టినప్పుడు మొదట ఆడిన నాటకం కూడా ఇదే.

ఇంత హింసా ఎందుకు? ఆమె నోటితో తప్పయిందని అనిపించాలి. కుదరదు. తన హోదా ఇంకా తనదేనని ఆమె చెబుతుంది. ఇక్కడో చిన్న విషయం చూడాలి. నాటకం మొత్తంలో ఆమెకి సొంత పేరు లేదు, చరిత్రలో జొవాన్నాకి ఉన్నా. ఉన్నదల్లా ఆ పదవి పేరే. వాళ్ళు లాక్కోవాలని చూసేదీ, ఆమె వదలనిదీ అదే. ఆఖరి నిమిషంలో ఆమె అడిగేవి మామూలు విషయాలు. జలుబు చేసిన పిల్లాడికి మందు పట్టమని, పడుకునే ముందు పాపచేత ప్రార్థన చేయించమని కరియోలాకి చెబుతుంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంటుంది. మెడకి తాడు బిగిస్తారు.

నాటకం అసలు మాట ఆ తర్వాత వస్తుంది, అదీ చంపించినవాడి నోటినుంచే. ఫెర్డినాండ్ ఆమె మొహం చూసి తట్టుకోలేడు, కప్పేయమంటాడు. ఆమె పెళ్ళి వల్ల తనకొచ్చిన నష్టమేమిటని తనని తానే అడుగుతాడు. డబ్బు ఆశ అంటాడు, ఇంకేదో అంటాడు. ఏ కారణమూ నిలబడదు. బొసోలా మీదికి తిరిగి, ఎవరి అధికారంతో చంపావని గద్దిస్తాడు. నీదే అంటాడు బొసోలా. నాదా, నేనేమైనా ఆమెకి న్యాయమూర్తినా, ఏ కోర్టు ఆమెకి శిక్ష వేసిందని అడుగుతాడు ఫెర్డినాండ్. నాలుగు అంకాల పాటు వాళ్ళు ఏ కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పారో, ఆ కుర్చీ అక్కడ లేనే లేదని తేలిపోయింది. అతనికి పిచ్చెక్కుతుంది. తోడేలునయ్యాను అనుకుంటూ స్మశానాల్లో శవాలు తవ్వుతాడు.

తెలుగు పాఠకులకి ఈ వాదన ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఓల్గా ‘విముక్త’ కథల్లో ‘మృణ్మయనాదం’ ఉంది. అందులో అహల్య సీతతో చెప్పేదీ దాదాపు ఇదే. తనకి తెలిసి జరిగిందా, తెలియక జరిగిందా అన్నదాని మీద లోకమంతా వాదించుకుంటుంది. అహల్యకి ఆ వాదనే అక్కర్లేదు. విచారణకి ఒప్పుకోవడమే ఓటమి అని ఆమె హెచ్చరిస్తుంది. వెబ్‌స్టర్ దాకా ఓల్గా వెళ్ళిందనో, ఇద్దరూ ఒకటేననో అనడం లేదు. నాలుగు వందల ఏళ్ళ దూరంలో, వేరే భాషలో, వేరే పురాణం లోంచి వచ్చినా ఇద్దరూ ఒక్క గోడనే తట్టారు.

అలాగని వెబ్‌స్టర్‌ని మన కాలపు స్త్రీవాదిగా చేసి దండ వెయ్యలేను. ఈ నాటకంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చనిపోతారు. వాళ్ళని చూస్తే అతని దయకి ఎక్కడ హద్దుందో తెలుస్తుంది.

కరియోలా చావంటే భయపడుతుంది. నాకు నిశ్చితార్థం అయిందంటుంది, గర్భవతినంటుంది, కొరుకుతుంది, రక్కుతుంది. ఆ మాటల్ని చంపేవాళ్ళు లెక్కచెయ్యరు. ఆమె పెనుగులాటని వినోదంలా చూస్తారు. డచెస్ చావు పక్కన ఆమె చావు ఎందుకో చిన్నగా కనబడేట్టు రాశాడు వెబ్‌స్టర్. హుందాగా చావడం కూడా గొప్పింటివాళ్ళకి దక్కే వస్తువేనేమో. నాకైతే బతకడానికి ఏ అబద్ధమైనా ఆడిన కరియోలా ఎక్కువగా గుర్తుండిపోయింది.

ఇంకొకామె జూలియా. పెళ్ళయి, కార్డినల్‌కి ఉంపుడుగత్తె. చెల్లెలి శీలం గురించి ఉపన్యాసాలిచ్చే కార్డినల్‌కి ఇలాంటి సంబంధం ఉండటం నాటకం కావాలనే చూపిస్తుంది. కానీ డచెస్‌లాగే జూలియా కూడా తనకి నచ్చినవాణ్ణి తనే అడుగుతుంది, బొసోలాని. ఆమెకి దక్కేది విషం పూసిన పుస్తకం మీద ముద్దు. చచ్చిపోతే ఎవరూ ఏడవరు. డచెస్ కోరికకి మన సానుభూతి దొరకడానికి పెళ్ళి ఉంగరం, ముగ్గురు పిల్లలు, జలుబు మందు కావాల్సి వచ్చాయి. అవేవీ లేని జూలియాకి ఆ తలుపు తెరుచుకోలేదు. విచారణ కుర్చీని వెబ్‌స్టర్ కదిపాడు నిజమే, గది బయటికి మాత్రం తీసుకెళ్ళలేకపోయాడు.

ఐదో అంకంలో డచెస్ ఉండదు. ఆమె సమాధి దగ్గరి ప్రతిధ్వని మాత్రం ఆంటోనియో మాటలకి బదులిస్తూ అతన్ని హెచ్చరిస్తుంది. అతను వినడు. మగవాళ్ళందరూ చీకట్లో ఒకర్నొకరు పొడుచుకుని చస్తారు. ఆఖర్న ఆమె పెద్దకొడుకుని తీసుకొచ్చి, తల్లి హక్కున ఇతన్ని నిలబెడదామంటారు. తండ్రి హక్కు మాట రాదు. చూడ్డానికి ఆశ పుట్టించే ముగింపే. కానీ ఆ పిల్లాడి జాతకం బొసోలాకి దొరికినప్పుడు అందులో అల్పాయుష్షు, దుర్మరణం అని ఉందని మనకి గుర్తుంటే, ఆ ఆశ ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం.

ఇవాళ పరువు హత్య అన్న మాట పేపర్లో కనబడగానే కింద ఏం మాట్లాడుకుంటామో ఒకసారి గమనించండి. అబ్బాయిది ఏ కులం, ఇంట్లోవాళ్ళు ఎన్నిసార్లు చెప్పి చూశారు, అమ్మాయి ముందే చెప్పి ఉండాల్సింది కదా... ఆమె మంచిదని మనం వాదించినా సరే, ఆ విచారణలో కూర్చున్నట్టే. డచెస్ ఆ బోనులోకి రానే లేదు. పెళ్ళి చేసుకున్నాను అని చెప్పి, జుట్టు దువ్వుకోవడం ఆపిన చోటునుంచి ఎదురుగా చూసింది. ఫెర్డినాండ్ లాంటివాడికి కూడా చివరికి తట్టిన ప్రశ్న, పేపర్ చదువుతున్న మనకి ఇంకా తట్టాల్సే ఉంది.